మా అంగన్‌వాడీ రేకులు తెల్లబడ్డాయి: చెయ్యి వేసిన అందరికీ దండాలు

అందరికీ శనార్థులు. హైదరాబాద్‌లో మా బస్తీ అంగన్‌వాడీ టీచర్ని నేను. ఎండ వేడి తగ్గాలని మా సెంటర్ రేకులకు తెల్ల రంగు వేశాం. ఆదివారం ఆ పని అయిపోయినప్పుడు ఈ మాటలు ఎదురుగానే చెబుదామనుకున్నా. గొంతు పెగల్లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మా సెంటర్ తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. అరవై గజాల జాగాలో అద్దె గది, పైన సిమెంటు రేకులు. మార్చి సగానికి వచ్చిందంటే ఫ్యాను గాలి కాదు, పొయ్యి సెగ కొడుతుంది. పదకొండింటికల్లా పిల్లలు చాపలు వదిలేసి ఉత్త గచ్చు మీదికి దొర్లుతారు. సర్కారు ఆరోగ్యలక్ష్మి పథకం కింద పెట్టే భోజనానికి వచ్చే కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో కొంగుతో విసురుకుంటారు. వాళ్లలో కొందరికి ఇక్కడ ఇచ్చే గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలే ఆ రోజుకు గట్టి తిండి. అది కూడా సగంలో వదిలేసి లేచిపోతుంటే చూడబుద్ధయ్యేది కాదు. నిరుడు ఏడో నెల ఉన్న ఒక చెల్లె గడప దాటుతూ కళ్లు తిరిగి కూలబడింది. దేవుడి దయ, తల్లీ బిడ్డా బాగున్నారు. కానీ ఆ పూట నా కళ్ల ముందు నుంచి పోలేదు.

ఎండల గురించి, భూమి వేడెక్కడం గురించి అంతకుముందు రెండుసార్లు మీటింగు పెట్టాను. చార్టులు కట్టాను. అందరూ మంచిగా విన్నారు, మజ్జిగ తాగారు, వెళ్లిపోయారు. వాళ్ల తప్పేం లేదు. విన్నాక ఏం చెయ్యాలో నేనూ చెప్పలేదు. ఈసారి చందా అడగలేదు, మీటింగు పెట్టలేదు. పెయింటర్ అన్న ఇంటికి పోయి ఒకటే మాట అడిగాను: "అన్నా, ఈ రేకులకు ఏం చేస్తే చల్లబడతది?" తెల్లారి ఆరింటికి నిచ్చెన భుజాన వేసుకొని వచ్చాడు.

పెయింటర్ అన్నా, ముందు నీకే దండం. నువ్వు ఎందుకొచ్చావో నీ నోటితోనే విన్నాను. రెండేళ్ల కింద అపార్ట్‌మెంటు బయట గోడకు రంగు వేస్తూ, మిట్టమధ్యాహ్నం మంచె మీదే వడదెబ్బ తగిలి పడబోయావట. "ఎండ మీద నాకు పగ ఉంది టీచరమ్మా" అన్నావు. ఆ పగ మా పిల్లలకు నీడైంది.

ఇంజినీర్ తమ్ముడూ, చదువుకునే రోజుల్లో కొత్తగూడలో కరెంటు, నీళ్లు తక్కువ వాడేలా కట్టిన గ్రీన్ బిజినెస్ సెంటర్ చూసి ఇలాంటివే కట్టాలనుకున్నానని చెప్పావు. 2004లో అబ్దుల్ కలాం గారు ప్రారంభించిన బిల్డింగు అది. తర్వాత పదేళ్లుగా అద్దాల ఆఫీసులే కడుతున్నానని, చదివిన చదువు ఒక్కసారైనా వాడాలనిపించిందని అంటుంటే నీ మొహంలో బాధ కనిపించింది. 2023లో మన రాష్ట్రం తెచ్చిన కూల్ రూఫ్ (ఎండను వెనక్కి కొట్టే చల్లటి కప్పు) పాలసీ గురించి నువ్వు చెప్పేదాకా నాకు తెలియదు. సర్కారు బిల్డింగులకు, కమర్షియల్ వాటికి, 600 గజాలు ఆపైన ఉన్న ఇళ్లకు తప్పనిసరి. చిన్న ఇళ్లకు మాత్రం ఎవరిష్టం వాళ్లది. మరి ఎండ ఎక్కువ తగిలేది రేకుల కింద ఉన్న మాలాంటివాళ్లకే కదా! సైటులో మిగిలిన రెండు బకెట్ల కూల్ రూఫ్ పెయింటు మీ సారును అడిగి తెచ్చావు. ఆయనకు కూడా మా నమస్కారాలు.

బస్తీ దవాఖానా డాక్టరమ్మా, ఇంటి ఓనరమ్మ ఒప్పుకుందంటే మీ వల్లే. రేకులు పగులుతాయని ఆమె భయం. మీరు ఓపీ అయ్యాక వచ్చి ఆమె పక్కన కూర్చొని 2015 ఎండాకాలం గురించి చెప్పారు. అప్పుడు మీరు హౌస్ సర్జన్. ఆ ఏడాది వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే, ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లే. "వాళ్లు దవాఖానాకు వచ్చేసరికే ఆలస్యమయ్యేది. వాళ్ల ఇంటి కప్పు దగ్గరికి మనమే పోవాల్సింది" అన్నారు మీరు. ఓనరమ్మ ఇంకేం మాట్లాడలేదు, లోపలికి పోయి చాయ్ పెట్టింది.

పని ఎలా జరిగిందో కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, పొడిగా ఉన్నప్పుడు గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకని తమ్ముడు ఇనుప బ్రష్షు ముట్టనివ్వలేదు. అందరికీ మాస్కులు కట్టించి, నీళ్లతో బాగా నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో నల్లటి పాచి తీయించాడు. రేకు మధ్యలో కాలు పెడితే పగులుతుంది కాబట్టి బోల్టుల వరస మీద చెక్కలు పరిచి వాటి మీదే నడిచారు. ఎనిమిదిన్నర కాగానే అన్న ఆపేసేవాడు. రేకు కాలితే రంగు పరుచుకోకముందే ఎండిపోతుందట. శనివారం ఒక పూత, ఆదివారం ఇంకో పూత. కింద బకెట్లు అందించిన గల్లీ పిల్లలకు పేరుపేరునా థాంక్స్, ముక్కు మీద రంగు పూసుకున్న చిన్నోడితో సహా.

సోమవారం మధ్యాహ్నం రెండింటికి స్టూలెక్కి రేకుకు లోపలివైపు అరచేయి ఆనించాను. పోయిన వారం అదే వేళకు చురుక్కున కాలి చెయ్యి లాక్కున్నా. ఈసారి అలాగే పెట్టుకొని నిలబడగలిగాను. ఇది ఏసీ కాదని, రెండు నుంచి అయిదు డిగ్రీల తేడా వస్తే గొప్ప అని తమ్ముడు ముందే చెప్పాడు. మాకు అది చాలు. పిల్లలు చాపల మీదే పడుకున్నారు. ఆ ఏడో నెల చెల్లె ఇప్పుడు పాలిచ్చే తల్లి, కంచం ఖాళీ చేసి లేచింది.

ఇంకో సంతోషం. మా కప్పు చూసి పక్క గల్లీలో నలుగురు పెయింటర్ అన్నను పిలిచారు, కూలీ ఇచ్చి చేయించుకుంటున్నారు. మంచి పనిలో పైసలు రావడం తప్పన్నట్టు అన్న కాస్త మొహమాటపడ్డాడు. అట్ల అనుకోకు అన్నా. నీ పొయ్యి వెలిగితేనే వచ్చే ఎండాకాలానికి ఇంకా నాలుగు గల్లీలు తెల్లబడతాయి.

సగం బకెట్ రంగు మిగిలింది. రేకుల ఇంట్లో చంటిపిల్లలో, మంచాన పడ్డ పెద్దవాళ్లో ఉంటే సెంటర్‌కు వచ్చి చెప్పండి. వచ్చే ఆదివారం పొద్దున అయిదున్నరకు అన్న ఖాళీగా ఉంటానన్నాడు, చెక్కలు మా దగ్గరే ఉన్నాయి.