ఆ వీడియోలో లైట్లు మేం ఆపలేదు, పోయాయి

టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన వ్యాన్ ఆల్‌స్టైన్ దగ్గర ఫంక్షన్లకి అద్దెకిచ్చే మా బార్న్‌లో (పాత గడ్డి కొట్టం) ఇప్పటికే ఫంక్షన్లు చేసుకున్నవాళ్లకి, అడ్వాన్సు కట్టి తేదీ కోసం చూస్తున్నవాళ్లకి, ఈమధ్య వాట్సాప్‌లో వీడియో చూసి ఫోన్లు చేస్తున్నవాళ్లకి, అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను. ఒక్కొక్కరికి విడివిడిగా చెబుతుంటే కథ కొంచెం కొంచెం నాకు అనుకూలంగా మారిపోతోంది. అందుకే రాసి పెట్టడం.

వీడియో చూడనివాళ్ల కోసం: నిమిషంన్నర ఉంటుంది. చుట్టూ చీకటి, ఫోన్ల టార్చిలు. మధ్యలో కౌబాయ్ టోపీ పెట్టుకున్నాయన మైకు లేకుండా గిటారు వాయిస్తూ పాడుతుంటాడు. పక్కన ఒకమ్మాయి ఫిడేలు. పట్టుచీరల్లో ఉన్న ఆడవాళ్లు చప్పట్లు కొడుతుంటారు. చాలా బాగుంటుంది, కాదనను. ఆ వీడియో చూసి నాకు పద్నాలుగు ఎంక్వయిరీలు వచ్చాయి. అందులో ముగ్గురు "మాకూ ఆ చీకటి ప్యాకేజీయే కావాలండీ, ఎంతవుతుంది?" అని అడిగారు.

అలాంటి ప్యాకేజీ లేదండి. బ్రేకర్ (భారం ఎక్కువైతే కరెంటు ఆపేసే మీట) పడిపోయింది, తప్పు నాది.

అక్టోబరులో జరిగిందిది. పార్టీ చేసుకున్న కుటుంబాన్ని అడిగే రాస్తున్నాను, పేర్లు మాత్రం రాయను. ఆ ఇంటి పెద్దాయన డాక్టరు. 1965లో అమెరికా వలస చట్టం మారాక మన దేశం నుంచి డాక్టర్లు వరసపెట్టి వచ్చారు కదా, ఆ తరం మనిషి. 1970లలో పడమటి టెక్సస్‌లో ఒక చిన్న ఊళ్లో ఉద్యోగం. తెలుగు మాట వినపడదు, కూరల్లోకి కరివేపాకు దొరకదు. ఆస్పత్రికి పోయే దారిలో కారు రేడియోలో వచ్చేది ఒక్కటే, ఇక్కడి పల్లెల పాటలు, కంట్రీ మ్యూజిక్. మొదట విసుక్కున్నారట, రెండో ఏడాదికి కూనిరాగం తీశారట. ఆయనకి ఇష్టమైన గాయకుడు చార్లీ ప్రైడ్. మిసిసిపీలో పుట్టిన నల్లజాతి మనిషి, తెల్లవాళ్ల సంగీతం అనుకునే కంట్రీలో 1971లో ఆ రంగంవాళ్లిచ్చే పెద్ద అవార్డు తీసుకున్నాడు. డాలస్‌లోనే స్థిరపడి, 2020 డిసెంబరులో ఇక్కడే పోయాడు. "వాళ్లలో మనలాంటివాడు ఒకడున్నాడని ధైర్యంగా ఉండేదమ్మా" అన్నారు పెద్దాయన.

అందుకని పిల్లలు ఆయన పుట్టినరోజుకి డీజే వద్దని కంట్రీ బ్యాండుని పిలిచారు. ఆరుగురు: పాడే ఆయన, ఎలక్ట్రిక్ గిటారు, బాస్ గిటారు, డ్రమ్స్, ఫిడేలు, పెడల్ స్టీల్. పెద్దాయన అడిగింది ఒక్కటే, "పెడల్ స్టీల్ లేకుండా మాత్రం రావద్దని చెప్పండి."

పెడల్ స్టీల్ దగ్గరగా చూడనివాళ్లకి చెప్పాలి, నేనూ ఆ రోజే చూశాను. పాడే ఆయన మెడలో ఉండేదీ గిటారే, ఇదీ గిటారే అంటారు గానీ పోలికేం లేదు. బల్లలాగా నాలుగు కాళ్ల మీద నిలబడుతుంది. పది తీగలు. కింద పెడళ్లు, మోకాళ్లతో అటూ ఇటూ నెట్టే మీటలు. ఎడమచేతిలో నున్నటి ఇనపకడ్డీ పట్టుకుని తీగల మీద జారుస్తారు, కుడిచేతి వేళ్లకి తొడుగులు వేసుకుని మీటుతారు. మన గోటువాద్యం చూసినవాళ్లకి ఆ జారుడు అర్థమవుతుంది. తేడా ఏంటంటే, తీగ మోగుతుండగానే పెడల్ తొక్కితే స్వరం సాగుతుంది. రెండు చేతులూ రెండు కాళ్లూ మోకాళ్లూ ఒకేసారి పనిచేస్తూ ఉంటే ముఖంలో మాత్రం ఏమీ తెలియదు. వాయించే ఆయనకి డెబ్బై దాటి ఉంటాయి. భోజనం పెడితే, నెయ్యి దోసె తిన్నాక మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు కడ్డీ ముట్టుకున్నాడు.

ఇక కరెంటు సంగతి.

బ్యాండు కాంట్రాక్టులో స్పష్టంగా ఉంది: స్టేజీకి రెండు వేరువేరు 20 ఆంపుల సర్క్యూట్లు కావాలి. నేను స్టేజీ గోడ చూశాను, నాలుగు ప్లగ్గులున్నాయి. రెండడిగితే నాలుగున్నాయి కదా అని సంతకం పెట్టేశాను. సర్క్యూట్ అంటే ఒక బ్రేకర్ కింద నడిచే లైను, నేను ప్లగ్గనే అనుకున్నాను. ఆ నాలుగూ ఒకే బ్రేకర్ మీద ఉన్నాయి. స్టేజీ మీద వేలాడే దీపాల తోరణం కూడా దాని మీదే. ఇది పాత గడ్డి బార్న్, ఒకప్పుడు లోపల ఒక బల్బూ ఒక ఫ్యానూ ఉండి ఉంటాయి. నాకు ముందున్నవాళ్లు అక్కడక్కడ ప్లగ్గులు పెంచుకుంటూ పోయారు. కొన్నప్పుడే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించాల్సింది. వాటర్‌ఫాల్ కర్టెన్లకి డబ్బు పెట్టాను, బ్రేకర్లుండే ప్యానెల్‌కి పెట్టలేదు.

క్యాటరర్‌ది లైవ్ దోసె కౌంటర్. లోపల గ్యాసు మంట వద్దని నేనే చెప్పాను. సరేనని కరెంటు పెనం తెచ్చాడు, 1500 వాట్లది. స్టేజీ వెనక గోడకి ఖాళీ ప్లగ్గు కనపడితే పెట్టాడు. అతన్ని అనడానికేం లేదు, ఇక్కడ పెట్టొద్దని ఎక్కడా బోర్డు లేదు.

లెక్క ఇది. ఇక్కడ 120 వోల్టులు. 20 ఆంపుల బ్రేకరంటే 2400 వాట్లు. గంటల తరబడి నడిచేవాటికి అందులో 80 శాతమే, అంటే 1920 వాట్లే లెక్కలోకి తీసుకోవాలి. పెనం ఒక్కటే పన్నెండున్నర ఆంపులు మింగేస్తుంది. మన ఊళ్లో 230 వోల్టుల మీద అదే పెనం ఆరున్నర ఆంపులతో సరిపెట్టుకుంటుంది, అందుకే మనకి ఈ భయం అలవాటు లేదు. మిగిలిన దాంట్లో ఆరుగురి స్పీకర్లు, ఆంప్లిఫయర్లు, లైట్లు.

అయితే మొదటి గంటలో ఏమీ కాలేదు. ఎందుకంటే జనం లేరు.

దీని గురించి కూడా మాట్లాడుకోవాలి. ఆహ్వానంలో ఆరు గంటలని వేశారు. బ్యాండు నాలుగింటికే వచ్చి, సామాను దించుకుని, ఐదింటికి సౌండ్ సరిచూసుకున్నారు. ఒప్పందం ఏడు నుంచి పావుతక్కువ పది: నలభై ఐదు నిమిషాల చొప్పున మూడు సెట్లు, మధ్యలో పావుగంట విరామాలు. ఏడింటికి మొదటి పాట ఎత్తుకునేసరికి కుర్చీల్లో పదకొండు మంది. అందులో తొమ్మిది మంది పెద్దాయన పాత ఆస్పత్రి స్నేహితులు, టెక్సస్‌వాళ్లు, ఆరింటికి ఐదు నిమిషాల ముందే వచ్చి కూర్చున్నారు. మనవాళ్లు ఎనిమిదిం పావుకి ఒక్కసారిగా దిగారు. మొదటి సెట్టు మొత్తం ఖాళీ కుర్చీలకి పోయింది. దయచేసి బ్యాండు పెట్టుకునేవాళ్లు నిజమైన టైము వేయండి, లేదా బ్యాండునే ఎనిమిదిన్నరకి మాట్లాడుకోండి. కానీ పదింటికల్లా సంగీతం ఆపేస్తాం, అది మారదు.

సరే, ఎనిమిదిం పావుకి వచ్చినవాళ్లంతా ఎక్కడికి వెళ్తారు? దోసెల దగ్గరికి. ముప్పై మంది లైను. అప్పటిదాకా వేడెక్కి ఆగి, వేడెక్కి ఆగి నడిచిన పెనానికి ఇక ఆగే తీరిక లేదు. వేసిన దోసె తీయగానే ఇంకోటి. అక్కడ స్టేజీ మీద రెండో సెట్టు. కొద్దిగా భారం ఎక్కువైతే బ్రేకర్ వెంటనే పడదు, లోపల వేడెక్కి కొన్ని నిమిషాలకి పడుతుంది. 8:20కి మొదటిసారి పడింది. పరిగెత్తి ఎత్తాను. 8:31కి మళ్లీ. మూడోసారి ఎత్తితే మీట నిలబడలేదు.

కారణం కనిపెట్టింది నేను కాదు. బాస్ వాయించే ఆయన ఫోన్ టార్చి వేసుకుని, స్టేజీ వెనక వైరు పట్టుకుని వంగి వంగి నడుచుకుంటూ పోయి దోసె పెనం దగ్గర తేలాడు. దాని మీద ఒక దోసె సగం కాలి ఆగిపోయి ఉంది. పెనం వైపు చూశాడు, నా వైపు చూశాడు, "మ్యామ్, ఇదైతే గిటారు కాదు" అన్నాడు.

వంటగది వైపు గోడకి కరెంటు ఉంది. వంద అడుగుల లావు వైరు ఒకటి ఉంటే అక్కణ్నుంచి లాగేవాళ్లం. నా దగ్గర క్రిస్మస్ లైట్లకి వాడే సన్న వైర్లు తప్ప లేవు. వాటికి స్పీకర్లు తగిలించనన్నాడు బాస్ ఆయన, అదే సరైన మాట. ఇప్పుడు లావు వైర్లు రెండున్నాయి.

అప్పుడు పాడే ఆయనా ఫిడేలమ్మాయీ స్టేజీ దిగి బల్లల మధ్యకి వచ్చి వాయించారు. అదే మీరు చూసిన వీడియో. తీసినవాళ్లు రెండో బల్ల దగ్గరున్నారు కాబట్టి అంత బాగా వినిపిస్తోంది. ఐదో బల్ల అవతల ఏమీ వినపడలేదు. పిల్లలు చీకట్లో దయ్యాలాట మొదలుపెట్టారు. ఒకావిడ గాజుల చెయ్యి రసం గిన్నెలో పెట్టింది.

ఇంకోటి గమనించండి. వీడియో నలభయ్యో సెకను దగ్గర ఎడమవైపు ఓరగా ఒక ముసలాయన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని కనపడతాడు. పెడల్ స్టీల్ ఆయన. గిటారుకి డొల్ల ఉంటుంది, ఫిడేలుకి డొల్ల ఉంటుంది, కరెంటు లేకపోయినా పలుకుతాయి. స్టీల్‌కి డొల్ల లేదు. కరెంటు పోతే అది బల్లే. పెద్దాయన అడిగిన పాటలు రెండో సెట్టు చివర, మూడో సెట్టు మొదట అనుకున్నారు. అవి రాలేదు.

వీడియోలో లేని ముక్క ఒకటుంది. అందరూ ఫిడేలు చుట్టూ మూగినప్పుడు పెద్దాయన కుర్చీ జరుపుకుంటూ స్టేజీ పక్కకి వెళ్లారు. స్టీల్ ఆయన ఏదో చెప్పాడు. పెద్దాయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, వంగి, ఆ బల్ల అంచుకి చెవి ఆనించారు. స్టీల్ ఆయన వాయించాడు. నాలుగడుగుల దూరంలో నిలబడ్డ నాకు దోమ రొద కంటే తక్కువగా వినపడింది. ఎంతసేపో చెప్పలేను. నేను ప్యానెల్ దగ్గరికి పోవాల్సి వచ్చింది.

అద్దె మొత్తం ఆ కుటుంబానికి తిరిగి ఇచ్చేశాను. జరగని మూడో సెట్టు డబ్బు కూడా నేనే కట్టాను. బ్యాండు పూర్తి డబ్బు తీసుకున్నారు, వాళ్ల తప్పేముంది.

ఇప్పుడు మార్పులు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో ప్యానెల్ 200 ఆంపులకి మార్పించాం. స్టేజీకి మూడు వేరు సర్క్యూట్లు, ఎర్ర ప్లగ్గులు, వాటిలో ఇంకేదీ పెట్టకూడదు. దోసె, టీ, వేడిపెట్టే ట్రేలు, ఏవైనా సరే వెనక షెడ్డులోనే, అక్కడ వాటికి వేరే లైను ఉంది. క్యాటరర్ వారం ముందు తన సామాను వాట్లతో సహా రాసివ్వాలి. "ఎప్పుడూ చేసేదేగా మేడం" అంటే ఒప్పుకోను. వీటన్నిటికీ అయిన ఖర్చు వల్ల జనవరి నుంచి శనివారం అద్దె 200 డాలర్లు పెరుగుతుంది. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్లకి పాత రేటే.

బ్యాండు విషయంలో చాలామంది అడుగుతున్నవి కొన్ని. నేను బ్యాండు కుదిర్చి కమిషన్ తీసుకోను, నంబరు ఇస్తాను, మీరే మాట్లాడుకోండి. "రెండు గంటలే కదా, సగానికి రారా?" అని బేరమాడకండి. వాళ్లు సామాను ఎక్కించడం, గంటన్నర ప్రయాణం, దించడం, మళ్లీ ఎక్కించడం మీరు ఒక పాట అడిగినా అంతే. వేడి భోజనం పెట్టండి, మిగిలినది కాదు. డ్యాన్సు చేసేవాళ్లకి ఒక మాట: టూ-స్టెప్ అంటే రెండు త్వర అడుగులు, రెండు నిదానం అడుగులు, జంటలు హాలంతా ఒకే దిక్కుగా తిరుగుతారు. గుళ్లో ప్రదక్షిణకి ఎదురు దిక్కు. మనవాళ్లు నడిమధ్యలో చేతులెత్తి గంతులేస్తుంటే ఆస్పత్రి స్నేహితుల జంటలు ట్రాఫిక్కులో ఇరుక్కున్నట్టు ఇరుక్కుపోయారు. మధ్యలో మీరు, అంచున వాళ్లు అనుకుంటే ఇద్దరికీ చోటుంది.

పక్క పొలం ఆయనకి ఆవులున్నాయి. ప్రతి ఫంక్షన్ ముందు నేను ఫోన్ చేస్తాను, ఆయన ఇంతవరకు ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. ఇక్కడి చట్టంలో శబ్దానికి 85 డెసిబెల్స్ అని ఒక అంకె ఉంది గానీ, పొరుగుతో సంగతి అంకెలతో నడవదు. కంట్రీ బ్యాండు డ్రమ్స్ కంటే మన డీజేల బాస్ మోతతోనే ఇబ్బంది, ఖాళీ పొలాల మీద అది మైలు దూరం పోతుంది. స్పీకర్లు ఇకపై తూర్పుకే తిప్పాలి.

పార్కింగు గురించి: వ్యాన్ ఆల్‌స్టైన్ చుట్టుపక్కల నేలంతా మన నల్లరేగడే. ఒకప్పుడు ఇక్కడా పత్తే పండించేవాళ్లు. మాది సత్తెనపల్లి వైపు కాబట్టి కొన్న రోజే చేత్తో పట్టుకుని గుర్తుపట్టాను. ఎండలో కాలు పట్టేంత పగుళ్లు, వానొస్తే కారు టైరు వదలదు. కంకర సగం దాకా పరిచాం. మిగతా సగం వసంతం లోపల. ఈలోపు వాన సూచన ఉంటే డాలస్ శివారు ఫ్రిస్కో నుంచి వచ్చేవాళ్లు టెస్లాలు వదిలి ఎత్తుగా ఉండే బండ్లలో రండి.

డిసెంబరు రెండో శనివారం ఖాళీగానే కనపడుతుంది గానీ, అడగకండి. ఆ రోజు పెద్దాయన వస్తున్నారు, స్టీల్ ఆయన తన ఆంప్లిఫయర్ తెచ్చుకుంటానన్నాడు. వెనక షెడ్డులో దోసె పెనం కూడా పెట్టి చూస్తాం.