గేటు పక్క బెంచీ తాతగారు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల తేదీలు, ఆటల పోటీల వివరాలు లోపలి పేజీల్లో ఉన్నాయి. ఈ పేజీ ఒక పెద్దాయన కోసం.

సాయంత్రం బడి వదలడానికి అరగంట ముందే వచ్చి గేటు పక్క బెంచీ మీద కూర్చునే తాతగారిని మీలో చాలామంది చూసే ఉంటారు. ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లు, ఒళ్లో మనవరాలి నీళ్ల సీసా. పోయిన వారం నిద్రలోనే కన్నుమూశారు. ఆయనకు 86 ఏళ్లు.

సైన్యంలో ఆయన వైర్‌లెస్ ఆపరేటర్. పిల్లలు చుట్టూ చేరి "తాతయ్యా, యుద్ధం గురించి చెప్పవా" అంటే ఆ ఊసెత్తేవారు కాదు. బెంచీ చెక్క మీద వేలితో టకటకా కొట్టి, చుక్కలు గీతలతో అక్షరాలు పంపే మోర్స్ కోడ్ నేర్పేవారు. ఒక్క చుక్క అంటే ఇంగ్లీషు 'ఇ', ఒక్క గీత అంటే 'టి'. ఎక్కువ వాడే అక్షరాలకు గుర్తులు ఎందుకు పొట్టిగా ఉన్నాయో పిల్లల చేతే చెప్పించేవారు. 1906లో బెర్లిన్ సమావేశంలో ఖాయమైన, ఆపదలో సాయం కోరే సంకేతం ఎస్‌ఓఎస్ అంటే ఆయనకు ప్రత్యేకమైన ఇష్టం. మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలు. "అది ఏ మాటలకీ పొట్టి రూపం కాదర్రా, ఎంత గోలలోనైనా చెవికి పట్టేస్తుందని పెట్టుకున్నారు" అనేవారు. మా సైన్స్ టీచరు కూడా ఆ బెంచీ దగ్గర నిలబడి విన్నారు.

ఇంత ముందుగా ఎందుకొస్తారండీ అని ఒకసారి అడిగాను. పెద్దకూతురు పుట్టిన కబురు ఆయనకు మూడు వారాలకు ఉత్తరంలో అందిందట. లోకం కబుర్లన్నీ తన చెవిలోంచే వెళ్లేవి, ఇంటి కబురు మాత్రం రాలేదు. "నా పిల్లలు బడినుంచి వస్తుంటే ఒక్కరోజూ ఎదురు వెళ్లలేదమ్మా. ఈ అరగంట నాది" అన్నారు. ఆ మాట నన్ను వదలడం లేదు.

సోమవారం అసెంబ్లీలో రెండు నిమిషాలు మౌనం పాటించాం. మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన ఏడాదికి, 1919 నవంబరు 11న మొదలైన ఆనవాయితీ అది. ఒకటో తరగతి పిల్లలు కూడా కదల్లేదు.

ఆయన కొడుకు నాకొక పాత ఫొటో చూపించారు. యూనిఫాంలో ఐదుగురు కుర్రాళ్లు. మిగతా నలుగురూ ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదు. మీ ఇంట్లో సర్వీసు చేసిన పెద్దవాళ్లుంటే, అలాంటి ఫొటోల వెనక పేర్లు, ఏడాది ఇప్పుడే రాయించండి. పెన్నుతో వద్దు, ఇంకు ముందువైపుకి దిగుతుంది. మెత్తని పెన్సిల్ చాలు. పిల్లలు "ఎంతమందిని చంపావు" అని అడగకుండా చూడండి. స్నేహితుల గురించి, ఉత్తరాల గురించి అడగమనండి, వాళ్లే మాట్లాడతారు.

ఇంకో మాట. ఇకనుంచి పాపని తీసుకెళ్లడానికి వాళ్ల నాన్నగారు ఆఫీసు అయ్యాక వస్తారు, కాస్త ఆలస్యమవుతుంది. మీలో ఎవరైనా ముందుగా వస్తే, ఆ బెంచీ మీద పాపకి తోడుగా కూర్చోండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు