ఆటగాడి పేరు పక్కన ‘మెంటల్’ అని రాయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ ఆటల పేజీలో, పెద్ద జట్లు ఏరికోరి తెచ్చుకున్న గొడవ ఆటగాళ్ల గురించి ఒక వ్యాసం వేశారు. అందులో అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు రాన్ ఆర్టెస్ట్‌కి ఒకే వాక్యం దక్కింది. ప్రేక్షకుల మీదికి దూకిన ‘మెంటల్’ ఆటగాణ్ని ఛాంపియన్ జట్టు తెచ్చుకుని సాహసం చేసిందని. నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా పనిచేసి రిటైరయ్యాను. మట్టి కోర్టు మీద, వల లేని రింగు కింద పిల్లలకి ఈ ఆట నేర్పాను. ఆ వాక్యం చదివాక మనసు కుదుటపడక ఇది రాస్తున్నాను.

2009 జూన్‌లో లాస్ ఏంజెలెస్ లేకర్స్ ఓర్లాండోని 4-1తో ఓడించి అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ టైటిల్ గెలిచింది. గెలిచిన జట్టుని ఎవరూ కదపరు. కానీ ఆ జట్టులోని ట్రెవర్ అరిజా కాంట్రాక్టు ముగిసి ఫ్రీ ఏజెంట్ అయ్యాడు, అంటే ఏ జట్టుకైనా వెళ్లొచ్చు. వయసు 24, ఆ ఊళ్లోనే చదివి ఆడి పైకొచ్చిన కుర్రాడు. డెన్వర్‌తో సిరీస్‌లో ఆఖరి క్షణాల్లో ఎదుటివాళ్ల పాసులు లాగేసి రెండు మ్యాచ్‌లు నిలబెట్టాడు. అలాంటివాణ్ని హ్యూస్టన్‌కి వదిలేసి, హ్యూస్టన్‌లో ఆడుతున్న ఆర్టెస్ట్‌ని లేకర్స్ తీసుకుంది. ఇద్దరికీ ఐదేళ్ల కాంట్రాక్టే, ఇద్దరికీ దాదాపు 3.3 కోట్ల డాలర్లే. డబ్బులో తేడా లేదు కాబట్టి, వాళ్లు తూచింది మనిషినే.

ఆర్టెస్ట్‌తో భయమేమిటో మీ వ్యాసం సగమే చెప్పింది. 2004 నవంబర్ 19న డెట్రాయిట్ దగ్గర మ్యాచ్ ముగియడానికి నిమిషం కూడా లేదు. ఫౌల్ మీద తోపులాట జరిగింది. ఆర్టెస్ట్ స్కోరర్ల బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉండగా, ఎవరో కూల్‌డ్రింక్ కప్పు విసిరారు. అది మీద పడగానే లేచి జనంలోకి దూకాడు. విసిరినవాడు ఒకడైతే ఇతను పట్టుకున్నది ఇంకొకణ్ని. సీజన్ చివర జరిగే నాకౌట్ సిరీస్‌లతో (ప్లేఆఫ్స్) కలిపి 86 మ్యాచ్‌ల నిషేధం పడింది. అంతకన్నా దగ్గరి సంగతి ఇంకోటుంది. లేకర్స్ అతన్ని తీసుకోవడానికి రెండు నెలల ముందు, 2009 మేలో, ఆ లేకర్స్ మీదే ఆడుతూ వరుసగా రెండు మ్యాచ్‌ల్లో బయటికి పంపించబడ్డాడు. అందులో ఒకసారి లేకర్స్ ప్రధాన ఆటగాడు కోబీ బ్రయంట్ మొహంలో మొహం పెట్టి గొడవపడ్డాడు. ఆ కోబీ పక్కనే ఇక మీద ఆడాలి.

మరి ఎందుకు తీసుకున్నారు? 2008 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో బోస్టన్ చేతిలో లేకర్స్ 39 పాయింట్ల తేడాతో ఓడింది. ఆ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడు బోస్టన్ ఆటగాడు పాల్ పియర్స్. అంత బలమైనవాడికి అడ్డం నిలబడగల దిట్టమైన మనిషి లేకర్స్‌కి కావాలి. ఆర్టెస్ట్ 2004లో లీగ్ మొత్తానికి ఉత్తమ డిఫెండర్. నన్నడిగితే నేను అరిజానే ఉంచుకునేవాణ్ని. వయసు తక్కువ, గొడవ లేదు, గెలిచి చూపించాడు. ఏ కోచ్‌ అయినా నిద్రపట్టే దారే చూసుకుంటాడు.

లేకర్స్‌లో తొలి సీజనంతా ఆర్టెస్ట్ తడబడ్డాడు. ఫీనిక్స్‌తో సెమీస్ సిరీస్‌ ఐదో మ్యాచ్‌లో జట్టు మూడు పాయింట్ల ముందంజలో ఉండగా, బంతి పట్టుకుని కాలం గడపాల్సిన చోట తొందరపడి షాట్ వేసి పోగొట్టాడు. స్కోరు సమమైంది. ఆఖరి క్షణంలో కోబీ షాట్ రింగుకి కూడా తగలకుండా పోతే, ఆ బంతిని గాల్లోనే అందుకుని లోపలికి వేసి గెలిపించింది కూడా అతనే. ఇక 2010 జూన్ 17, బోస్టన్‌తో ఫైనల్స్ ఏడో మ్యాచ్. లేకర్స్ ఒక దశలో 13 పాయింట్లు వెనకబడింది. కోబీ 24 షాట్లు వేస్తే 6 పడ్డాయి. ఆ రోజు జట్టుని మోసింది ఆర్టెస్ట్. 20 పాయింట్లు, 5 స్టీల్స్ (ఎదుటివాళ్ల నుంచి లాగేసిన బంతులు). పియర్స్‌కి 15 షాట్లలో 5 మాత్రమే పడ్డాయి. నిమిషం మిగిలుందనగా కోబీ పాస్ ఇచ్చాడు, ఆర్టెస్ట్ దూరం నుంచి మూడు పాయింట్ల షాట్ వేశాడు, పడింది. 83-79తో లేకర్స్ గెలిచింది.

మ్యాచ్ కాగానే మైక్ ముందుకొచ్చి, ప్రపంచమంతా చూస్తుండగా, తన సైకియాట్రిస్టుకి థ్యాంక్స్ చెప్పాడు. ప్రశాంతంగా ఉండటానికి ఆమె సాయం చేసిందన్నాడు. ఆ ఏడాదే తన ఛాంపియన్‌షిప్ ఉంగరాన్ని లాటరీలో పెట్టి, వచ్చిన 5 లక్షల పైచిలుకు డాలర్లు పిల్లల మానసిక ఆరోగ్యం కోసం ఇచ్చాడు. 2011లో లీగ్ అతనికి సామాజిక సేవకు ఇచ్చే అవార్డు ఇచ్చింది. సంపాదకుల వారూ, మీ వ్యాసం వదిలేసింది ఈ భాగం.

అతను పూర్తిగా మారిపోయాడని నేను చెప్పడం లేదు. 2012లో ఎదుటి జట్టు ఆటగాడు జేమ్స్ హార్డెన్ తలకి మోచేత్తో కొట్టి ఏడు మ్యాచ్‌ల నిషేధం పొందాడు. ఇది దాచిపెడితే నేను కూడా సగం కథే చెప్పినవాణ్నవుతాను.

ఇంత పట్టుదలగా రాయడానికి నా కారణం నాకుంది. చాలా ఏళ్ల క్రితం మా స్కూల్లో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు ఉండేవాడు. నేను చూసిన వాళ్లలో వాడంత ఎత్తు ఎగిరినవాడు లేడు. కోపం మాత్రం ఆగేది కాదు. జిల్లా సెలక్షన్స్‌లో రిఫరీ మీదికి బంతి విసిరాడు. సెలక్టర్లలో ఒకాయన “వాడికి మెంటల్ మాస్టారూ, టీమంతా పాడవుతుంది” అని పేరు కొట్టేశారు. నేను పక్కనే ఉండి నోరెత్తలేదు. వాడు మళ్లీ గ్రౌండుకి రాలేదు. అంత కోపం ఎందుకొస్తుందిరా అని ఒక్కసారైనా వాణ్ని అడగాలని నాకు తోచలేదు.

ఎన్‌బీఏ 2019-20 సీజన్ నుంచి ప్రతి జట్టుకీ మానసిక ఆరోగ్య నిపుణుల్ని తప్పనిసరి చేసింది. 2011లో మన క్రికెట్ జట్టు ప్రపంచకప్ గెలిచినప్పుడు కూడా ప్యాడీ ఆప్టన్ అనే మెంటల్ కండిషనింగ్ కోచ్ వెంట ఉన్నాడు. మన జిల్లా, రాష్ట్ర సెలక్షన్ క్యాంపుల్లో కాలు బెణికితే స్ప్రే కొట్టేవాళ్లుంటారు. పిల్లలతో కూర్చుని మాట్లాడే కౌన్సెలర్‌ని కనీసం రెండు రోజులైనా పిలవమని రెండు రాష్ట్రాల క్రీడా శాఖల్ని కోరుతున్నాను.

మీకు నా మనవి ఇది. ఆటగాడు తప్పు చేస్తే ఏం చేశాడో రాయండి, ఎన్ని మ్యాచ్‌ల శిక్ష పడిందో రాయండి. ‘మెంటల్’ అన్న మాట మాత్రం వద్దు. బడి పిల్లలు పేపర్లో ముందు తిప్పేది మీ ఆటల పేజీనే. వీలైతే వచ్చే ఆదివారం ఆర్టెస్ట్ కథలో మిగిలిన సగం కూడా అక్కడే వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ,
గుంటూరు జిల్లా