మడత పెట్టడం నేర్పే ముందు గది కొలవండి

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ బెంగళూరు పేజీలో హాస్టల్ గదుల మీద వచ్చిన కథనం చదివాను. అప్పుడే రాద్దామనుకున్నాను. మొన్న ఆదివారం మా మేనకోడలి గదిలో గంటసేపు కూర్చుని వచ్చాక ఇక ఆగలేకపోయాను. పిల్లలకు పొందిక లేదని, బట్టలు కుర్చీల మీద పడేస్తారని, పుస్తకాలు నేల మీదే ఉంటాయని రాశారు. ఉంటాయి, నిజమే. మరి ఎక్కడ పెట్టుకోవాలో కూడా రాయాల్సింది.

ఆ అమ్మాయిది మదనపల్లె. కెంగేరి అవతల ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10. నేనే టేపు పెట్టి కొలిచాను. అందులో ముగ్గురు. ఆరడుగులకు మూడడుగుల మంచం ఒక్కటే 18 చదరపు అడుగులు. మూడు మంచాలకే 54 పోయాయి. ఒక బల్ల, రెండు కుర్చీలు, ముగ్గురికీ కలిపి ఒకే ఇనుప బీరువా. నేను కుర్చీ కాస్త జరపబోతే, "అక్కడే ఉంచు మామయ్యా, అది కదిపితే తలుపు పడదు" అంది. గోడకు మేకు కొడితే జరిమానా. మేడ మీదికి వెళ్లే తలుపుకు ఎప్పుడూ తాళమే. కిటికీ బయట బట్ట కనబడితే మందలింపు.

ఇంత ఇరుకులోనూ వాళ్లు చేసుకున్న ఏర్పాటు చూసి నాకు గర్వంగా అనిపించింది. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచి, ఆ కింద సూట్‌కేసులు దూర్చారు. చలికాలం స్వెట్టర్లు, అదనపు దుప్పట్లు వాటిలోనే. బీరువాలో తలా ఒక అర. బట్టలు చుట్టలు చుట్టి నిలువుగా పేర్చారు, ఒకటి లాగితే పక్కది చెదరదు. తలుపు పైఅంచుకు తగిలించే కొక్కేల పట్టీ కొన్నారు, దానికి మేకు అక్కర్లేదు. ఆవకాయ నూనె కారి ఒకసారి రికార్డులు పాడయ్యాయట, అప్పటినుంచి సీసాలన్నీ ఒక స్టీలు డబ్బాలో పెడుతున్నారు. అయిపోయిన సెమిస్టరు పుస్తకాలు మా ఇంటి అటక మీదికి వచ్చేశాయి. బెంగళూరులో ఇల్లు లేని పిల్లలు ఏం చేస్తారు? ఇక వాన మొదలైతే కిటికీ ఊచకూ మంచానికీ మధ్య తాడే దండెం. మూడు రోజులైనా జీన్సు ఆరదు, బీరువాలో బూజు వాసన. ఎంత పొందికైన పిల్లలైనా దానికేం చేయగలరు?

2024 జూలైలో కోరమంగలలోని ఒక పీజీలో, అంటే డబ్బు కట్టి ఉండే పేయింగ్ గెస్ట్ వసతిలో, ఒక యువతి హత్యకు గురయ్యాక అప్పటి నగర పాలక సంస్థ బీబీఎంపీ పీజీలకు నిబంధనలు పెట్టింది. మనిషికి కనీసం 70 చదరపు అడుగుల చోటు, రోజుకు 135 లీటర్ల నీళ్లు ఉండాలంది. ఆ లెక్కన ఈ గది ఒక్కరికే సరిపోతుంది. ఈ మాట అడిగితే, మాది కాలేజీ హాస్టల్, పీజీ కాదు అన్నారు వార్డెన్. అదే వయసు, అదే మంచం, అవే పుస్తకాలు. బోర్డు మీద కాలేజీ పేరుంటే మనిషికి చోటు తక్కువ చాలుతుందా? ఒక ఆఫీసుకు వెళ్తే మా పరిధి కాదని ఇంకో ఆఫీసుకు పంపారు. అక్కడ అర్జీ తీసుకున్నారు కానీ రసీదు ఇవ్వలేదు. బీబీఎంపీ పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ వచ్చింది, ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. టేపు పట్టుకుని హాస్టల్ మెట్లెక్కే అధికారిని మాత్రం నేనింతవరకు చూడలేదు.

1985లో నేను తిరుపతిలో చదువుకున్న హాస్టల్ పాతదే. అయినా గదికి ఇద్దరమే. గోడలో చెరో సిమెంటు గూడు, తలుపు పక్కన చిలక్కొయ్యలు, పైన అటక. ఇల్లు కట్టే మేస్త్రీకి కూడా తెలిసిన సంగతి అది, మనిషి ఉండే చోట సామాను కూడా ఉంటుందని. ఇప్పుడు లక్షల ఫీజు తీసుకుని కడుతున్న అంతస్తుల్లో ఒక్క గూడు లేదు, అటక లేదు. ఆ జాగాలో ఇంకో మంచం పడుతోంది.

మీ విలేకరి మళ్లీ వెళ్లినప్పుడు నేల మీది పుస్తకాల ఫొటోతో పాటు గది కొలతలు, అందులో ఉండేవాళ్ల సంఖ్య, తలా కట్టే ఫీజు కూడా వేయండి.

- ఒక పాఠకుడు, యలహంక, బెంగళూరు