బేగంపేటలో బండి మారేవాళ్ల కోసం

సికింద్రాబాద్ డివిజనల్ రైల్వే మేనేజర్ గారికి,

1874 నాటి వాడి–సికింద్రాబాద్ లైను మీదే 2003 ఆగస్టు 9న ఎంఎంటీఎస్ (హైదరాబాద్ లోకల్ రైలు) మొదలైంది. లింగంపల్లి నుంచి వస్తుంటే బేగంపేట దాటాక దారి చీలుతుంది: ఒకటి నెక్లెస్ రోడ్, ఖైరతాబాద్, లక్డీకాపూల్ మీదుగా నాంపల్లికి, రెండోది సంజీవయ్య పార్క్, జేమ్స్ స్ట్రీట్ మీదుగా సికింద్రాబాద్‌కి. పొరపాటున ఒకదానికి బదులు ఇంకో బండి ఎక్కినవాళ్లు దిగి మారాల్సింది బేగంపేటలోనే. ఖైరతాబాద్‌లో తెలిస్తే వెనక్కి రావాల్సిందే.

అందుకని బండి ఆగకముందే "ఇది నాంపల్లి బండి, సికింద్రాబాద్ వాళ్లు ఇక్కడే దిగండి" అని చెప్పించండి. ఆగాక చెబితే లాభం లేదు, తలుపు దగ్గర ఎక్కేవాళ్ల తోపులాటే. బాణం గుర్తు బోర్డు కూర్చున్నవాళ్ల కళ్లకు ఆనే ఎత్తులో ఉండాలి.

ఇంకొకటి, ఫోనుతో టికెట్ తీసుకునే క్యూఆర్ కోడ్‌ను మెరిసే లామినేషన్ లేకుండా అంటించండి. ట్యూబులైటు వెలుగు పడితే ఫోను చదవదు.

ఇట్లు,
ఎంఎంటీఎస్ ప్రయాణికులు