కడపలో ఇల్లు చూసిపెట్టమన్నావు కదా

కడప,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మామా,

ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావు, మిగతా సగం చెల్లెమ్మకు తప్పు చెప్తావు. అందుకే రాసి పంపిస్తున్నా. ఇద్దరూ పక్కపక్కన కూర్చొని చదవండి. బెంగుళూరులో మకాం ఎత్తేసి వచ్చేస్తామని నువ్వు అన్నప్పటి నుంచి సాయంత్రమైతే చాలు బండేసుకొని తిరుగుతున్నా. నీకోసం ఇల్లు చూస్తున్నానా, లేక రియల్ ఎస్టేట్‌లో దిగానా అని మా ఆవిడకు అనుమానం.

నువ్వు వదిలిపోయిన కడప కాదురా ఇది. మనం చదువుకునే రోజుల్లో ఏడురోడ్లు, కోటిరెడ్డి సర్కిల్ దాటి కాస్త పోతే ఊరు అయిపోయేది. 2006లో రిమ్స్ ఆసుపత్రి వచ్చింది, అదే ఏడాది యోగి వేమన యూనివర్సిటీ వచ్చింది. ఇప్పుడు రాయచోటి రోడ్డు, పులివెందుల రోడ్డు, రాజంపేట బైపాస్, ఎటు పోయినా వెంచర్లే. పేర్లు మాత్రం అమెరికాలో పెట్టినట్టుంటాయి. ఆర్చి దాటి లోపలికి పోతే కంపచెట్లు, నంబర్లు రాసిన రాళ్ళు, వాటి మధ్య మేస్తున్న బర్రెలు.

ఇప్పటికైతే అద్దెకే చూస్తున్నా. ఒకవేళ వచ్చీ రాగానే మూడు సెంట్లో నాలుగు సెంట్లో కొనేద్దామని నీకు ఊపు వస్తే మాత్రం నాకు చెప్పకుండా ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. పట్టణాభివృద్ధి సంస్థ అనుమతి ఉందా, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఏ జాబితాలో గానీ, పాత రికార్డులో హక్కుదారు పేరు బదులు చుక్కలు పెట్టిన చుక్కల భూముల్లో గానీ ఇరుక్కుందా, పాత లావాదేవీలూ తాకట్లూ చూపించే ఈసీ తీస్తే ఏం తేలుతుంది, ఇవన్నీ చూసుకోవాలి. ప్లాను కాగితంలో పార్కుకని పచ్చరంగు పూసిన చోట రాళ్ళు పాతి ప్లాట్లు అమ్మేసిన వెంచరును నా కళ్ళతో చూశా. బుగ్గవంక పక్కన చవగ్గా వస్తోందని ఎవరన్నా అంటే ఆ మాట విననే వద్దు. 2020 నవంబరులో నివర్ తుఫానప్పుడు ఆ వంక పొంగి ఊళ్ళోకి ఎట్లా వచ్చిందో టీవీలో నువ్వూ చూసుంటావు.

సరే, అసలు సంగతికి వస్తా. ఇళ్ళకు కొదవ లేదు. తలుపు తీసేవాళ్ళు అడిగే ప్రశ్నతోనే చిక్కంతా. నువ్వొక కులం, చెల్లెమ్మ ఇంకో కులం, పైగా ఆమె ఆదివారం చర్చికి పోతుంది. మీ పాప ఏమో దసరాకు బొమ్మలూ పెడుతుంది, క్రిస్మస్‌కు నక్షత్రమూ కడుతుంది. బెంగుళూరు అపార్ట్‌మెంట్లో ఇదంతా ఎవడికీ పట్టలేదంటావు. ఇక్కడ పడుతుంది. ముందే తెలిసుంటే మంచిదని చెప్తున్నా, భయపెట్టడానికి కాదు.

రాయచోటి రోడ్డులో ఒక గేటెడ్ లేఅవుట్ ఉంది. రోడ్లు అద్దంలా ఉన్నాయి, వాచ్‌మన్, వాకింగ్ ట్రాక్, పొద్దున పాలకొండల మీది గాలి. అక్కడ రెండు బెడ్‌రూముల ఇల్లు అద్దెకుంది. బ్రోకరు బండి ఆపీ ఆపకముందే, "అన్నా, టెన్షన్ పడాకు. ఈడ అంతా మనోళ్ళే" అన్నాడు. నేనెవరో వాడింకా అడగనేలేదు! తమాషా ఏంటంటే, మా ఆఫీసులో అకౌంట్స్ చూసే భాయ్ కూడా ఇల్లు వెతుకుతున్నాడు. అదే వెంచరుకు అదే బ్రోకరు ఆయన్నీ ఫోన్లో పిలిచి, "రండి భాయ్, అంతా మనోళ్ళే" అన్నాడంట. ఆయన పోయి గడ్డం, టోపీతో బండి దిగేసరికి ఓనరు ఎంతో మర్యాదగా మంచినీళ్ళిచ్చి, "ఇప్పుడే ఎవరో అడ్వాన్సు ఇచ్చిపోయినారు సార్" అన్నాడు. తర్వాతి వారం నేను పోయినప్పుడు ఆ ఇంటికి టులెట్ బోర్డు అట్లనే వేలాడుతోంది.

దీనికి చట్టం ఏమీ లేదా అని మొన్న అడిగావు కదా. మా లాయరు మిత్రుణ్ణి కదిపి చూశా. సొంత ఇల్లు ఎవరికివ్వాలో ఓనరు ఇష్టం. మనసులో ఉన్న కారణం వాడు నోటితో చెప్పడు కాబట్టి రుజువు చెయ్యడం కష్టం. అహమదాబాదులో పార్సీల హౌసింగ్ సొసైటీ ఒకటి తమ మతం వాళ్ళకే సభ్యత్వం అని నియమం పెట్టుకుంటే, అది చెల్లుతుందని 2005లో సుప్రీంకోర్టే చెప్పిందంట. ఇంక రాయచోటి రోడ్డు ఓనరును మనమేం చేస్తాం!

నాకు ఒళ్ళు మండేది దేనికంటే, ఇది మామూలు ఊరు కాదు. ఉగాది రోజు తెల్లవారకముందే దేవుని కడపకు పోయి చూడు. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ, వెంకటేశ్వరస్వామి మా ఇంటి అల్లుడు అని ముస్లింలు కుటుంబాలతో వస్తారు. బుర్ఖా వేసుకున్న ఆడవాళ్ళు ఒక చేత్తో కొబ్బరికాయ, ఇంకో చేత్తో పిల్లవాణ్ణి పట్టుకొని క్యూలో నిలబడతారు. వెనకాలే పట్టుచీరల వాళ్ళు, "కొంచెం జరగమ్మా, నా పిల్లోడూ ఉన్నాడు" అంటూ ఉంటారు. పెద్ద దర్గా ఉరుసుకు హిందువులు పోయేది సరేసరి. అదంతా నిజమే, పేపరోళ్ళు ఏటా ఫొటోలు వేస్తారు. కానీ ఆ క్యూలో ముందూ వెనకా నిలబడినవాళ్ళే మరుసటి నెల ఇల్లు అడిగితే ఒకరికొకరు పనికిరారు. పండగలు కలిసి చేసుకోవడం మనవాళ్ళకు బాగా వచ్చు. పక్కపక్క వాటాల్లో కాపురం పెట్టడం దగ్గరికి వచ్చేసరికే నసుగుతారు.

ఇంక బడి. చెల్లెమ్మకు ఇదే ముఖ్యమని నాకు తెలుసు, అందుకే ఇళ్ళకంటే దీనికే ఎక్కువ తిరిగా.

బైపాస్ దగ్గర ఒక పెద్ద బడి. ఏసీ రిసెప్షన్, గోడ నిండా ర్యాంకుల ఫొటోలు, అయిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొడతారు. రిసెప్షన్‌లో అమ్మాయిని ఊరికే ఒక మాట అడిగా. విద్యాహక్కు చట్టం కింద ఒకటో తరగతిలో పేదపిల్లలకు 25 శాతం సీట్లు ఇవ్వాలి కదా, మీ దగ్గర ఆ పిల్లలు ఎంతమంది ఉన్నారమ్మా అని. ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "మీరేం వర్రీ కావొద్దు సార్, మా దగ్గర అలాంటి పిల్లలు పెద్దగా ఉండరు. అందరూ డీసెంట్ ఫ్యామిలీసే" అంది. నాకు ధైర్యం చెప్తున్నానని అనుకుంది పాపం! ఆ 25 శాతంలోనే ఎస్సీ, ఎస్టీ పిల్లలు, అనాథలు, వికలాంగ పిల్లలు వస్తారు. వాళ్ళు లేరన్నది అక్కడ ఫీజుతో పాటు అమ్మే సరుకు.

మీ పాప చేరేది అయిదో తరగతిలో కాబట్టి ఆ సీట్లతో మనకు పని లేదు. అయినా ఎక్కడికి పోయినా ఆ ప్రశ్న ఒకటి వేస్తున్నా. ఎవరు ఎట్లాంటి మొహం పెడతారో చూస్తే చాలు, తక్కినదంతా తెలిసిపోతుంది.

రెండోది టౌన్లోనే, సిస్టర్స్ నడిపే పాత బడి. గోడలకు రంగు వేసి చాలా ఏళ్ళయినట్టుంది, ప్లేగ్రౌండ్ మాత్రం పెద్దది. అదే ప్రశ్న అడిగితే పెద్ద సిస్టరు కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసి, "ఉన్నారు. ఎవరో మీకెందుకు?" అంది. ఆ మాటకే నాకు నచ్చేసింది. భోజనాల గంటకు వరండాలో కాసేపు నిలబడ్డా. ఒక పిల్ల డబ్బాలో సంగటి, చెనిక్కాయల ఊరుబిండి. పక్కపిల్ల బగారన్నం తెచ్చుకుంది. ఇంకో పిల్ల తన పెరుగన్నం మూత కూడా తియ్యకుండా ఆ రెండు డబ్బాల్లోనూ చెయ్యి పెడుతోంది. ఆయమ్మ వచ్చి "నీ డబ్బా నువ్వు తిను" అని గదిమి అటు పోగానే మళ్ళీ మొదలు. చదువు మధ్యస్థమే, నిజం చెప్తున్నా. లెక్కల టీచరు ఈ ఏడాదే మానేసిందంట, కొత్తామె ఎట్లా ఉంటుందో. నీకు లెక్కలు వచ్చు కదా, ఇంట్లో నువ్వే కూర్చోబెట్టుకో.

మున్సిపల్ హైస్కూలు గురించి కూడా అడిగావు. ఆరో తరగతి నుంచి ఆలోచించొచ్చు, టీచర్లు మంచివాళ్ళున్నారు. చెల్లెమ్మ ఒప్పుకుంటుందో లేదో నువ్వే తేల్చుకో. నేను మధ్యలోకి రాను. తెలుగు గురించి బెంగపడొద్దని చెప్పు. కన్నడం చదివిన పిల్ల కదా, అక్షరాలు దగ్గరే. తలకట్టు దగ్గర కొన్నాళ్ళు తికమక పడుతుంది, అంతే.

మా ఆవిడ మాట కూడా రాయాలి, లేకపోతే ఊరుకోదు. "మీ ఆదర్శాలకు ఆ పిల్లను ముందుకు తొయ్యొద్దు. కొత్త ఊరు, అర్ధరాత్రి జ్వరమొస్తే పిలిస్తే పలికే నలుగురు కావాలి. మనవాళ్ళ మధ్య ఉంటే ఆ ధైర్యం వేరు" అంటుంది. కొట్టిపారేసే మాట కాదు. కానీ మీ ఇద్దరికీ కలిపి 'మనవాళ్ళు' అనే వీధి ఈ ఊళ్ళో ఎక్కడుందో చూపించమంటే మాత్రం ఆమె దగ్గరా జవాబు లేదు. నీ వాళ్ళ వీధిలో చెల్లెమ్మ పరాయిది. ఆమె వాళ్ళ వీధిలో నువ్వు.

అందుకే చివరికి రెండు ఇళ్ళ దగ్గర ఆగా. ఒకటి రిమ్స్ రోడ్డులో అపార్ట్‌మెంట్. డాక్టర్లు, నర్సులు, ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చినవాళ్ళు. అందరూ బయటివాళ్ళే కాబట్టి ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. అయితే ఎదురింట్లో ఎవరున్నారో కూడా ఎవరికీ తెలియదు, పైగా పాపకు బడి దూరం.

రెండోది పాత హౌసింగ్ బోర్డు ఇళ్ళ వైపు. ఆ కాలనీల్లో ఎల్ఐజీ, ఎంఐజీ అని జీతాన్ని బట్టి ఇళ్ళిచ్చారు కాబట్టి వీధిలో అన్ని రకాల వాళ్ళూ కలిసే ఉన్నారు. కింద రిటైరైన టీచరమ్మ ఒక్కతే ఉంటుంది, పై వాటా మీకు. నేల అంతా కడప బండలు, ఎండాకాలం చాప కూడా లేకుండా పడుకోవచ్చు. కారు మాత్రం వీధిలోనే పెట్టుకోవాలి. వానొస్తే కాలువ వాసన కూడా వస్తుంది, దాచను. బడికి నడిచే పోవచ్చు.

ఆమె కాఫీ ఇచ్చి నేరుగా అడిగేసింది. "ఏమిటోళ్ళు నాయనా మీ ఫ్రెండు?"

"బెంగుళూరోళ్ళమ్మా" అన్నా.

"ఊరు కాదబ్బా నేనడిగేది."

దాచి లాభం లేదని మీ ఇద్దరి సంగతీ, చర్చి సంగతీ అంతా చెప్పేశా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. గ్లాసు తీసుకొని లోపలికి పోయి వచ్చి, "కోడికూర వండుకోమను, నాకేం పట్టింపు లేదు. శనివారం మాత్రం నా పూజ అయ్యేదాకా పొయ్యి మీద పెట్టొద్దని చెప్పు. కరెంటు బిల్లు వేరే" అంది. బేరం మొదలైందంటే ఒప్పుకున్నట్టే కదరా. మంచినీళ్ళిచ్చి నవ్వుతూ పంపించే ఓనరు కన్నా, మొహం మీద అడిగి షరతు పెట్టే ఈమె నాకు వందరెట్లు నయం. చెల్లెమ్మకు ఆ ప్రశ్నే అవమానంగా అనిపించొచ్చు. అనిపిస్తే తప్పు లేదు, రిమ్స్ రోడ్డు ఇల్లే ఖాయం చేస్తా. ఆమె మాటే ఆఖరు, నీది కాదు.

రెండు నెలల అడ్వాన్సు అడుగుతోంది, శుక్రవారం దాకా ఎవరికీ ఇవ్వనంది. ఆ లోపల ఫోన్ చెయ్యి. ఇంకో మాట, పాపది వేరే రాష్ట్రం టీసీ కదా, అక్కడి బీఈఓ, అంటే బ్లాకు విద్యాధికారి సంతకం లేకుండా తెస్తే ఇక్కడ వెనక్కి పంపిస్తారని సిస్టరు మరీ మరీ చెప్పింది. సామాన్లు సర్దక ముందే ఆ పని చూసుకో.

నీ
మామ