బీట్ కానిస్టేబుల్ పగలు నడిచి రావాలి

సంపాదకులకు నమస్కారం.

1950లో విడుదలైన ‘ది బ్లూ ల్యాంప్’ అనే బ్రిటిష్ చిత్రాన్ని ఇటీవల చూశాను. యుద్ధానంతర లండన్‌లో పాడింగ్టన్ గ్రీన్ పోలీస్ స్టేషన్ చుట్టూ అల్లిన కథ అది. స్క్రీన్‌ప్లే రాసిన టి.ఇ.బి. క్లార్క్ యుద్ధకాలంలో స్వయంగా పోలీసుగా పనిచేసినవారు కావడంతో, స్టేషన్‌లోని నిత్యకృత్యమంతా సహజంగా కుదిరింది. రిటైర్మెంటుకు దగ్గరపడిన జార్జ్ డిక్సన్ తుపాకీ లేకుండా వీధులన్నీ నడిచి తిరిగే కానిస్టేబుల్. సినిమా హాలు వసూళ్లు దోచుకోబోయిన రైలీ అనే కుర్రవాడు ఆయనను కాల్చి చంపుతాడు.

నన్ను కదిలించింది ఆ తరువాతి ఘట్టం. రైలీ కుక్కల పందేలు జరిగే వైట్ సిటీ స్టేడియంలో జనంలో కలిసిపోతే, అక్కడ పందేల రేట్లను చేతి సైగలతో అందించే మనుషులే వాడు ఎటు వెళుతున్నాడో అవే సైగలతో ఒకరికొకరు చెప్పుకుని పోలీసులకు పట్టిస్తారు. పందేల మీద బతికే మనుషులు ఖాకీకి సాయపడటం సంక్రాంతి బరులను ఎరిగిన మన గోదావరి వాసులకు వింతగానే తోస్తుంది. లండన్ పోలీసుల ప్రధాన కార్యాలయమైన స్కాట్లండ్ యార్డ్ సహకారంతో తీసిన చిత్రం గనుక అందులో పోలీసుల పట్ల పొగడ్త కొంత ఉన్నమాట నిజమే. అయినా, రోజూ కళ్లెదుట తిరిగిన మనిషిని చంపితే చిల్లర నేరగాళ్లు సైతం సహించరన్న మాటను నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

కోనసీమలో మా ఊరి గుడి గోడకు బీట్ పుస్తకం వేలాడుతూ ఉంటుంది. అర్ధరాత్రి గస్తీకి ఎవరో కానిస్టేబుల్ వచ్చి అందులో సంతకం చేసి వెళతారు. ఆ సంతకం ఎవరిదో మాలో ఒక్కరికీ తెలియదు. నిరుడు కాలువ గట్టున మా కొబ్బరి తోటలో నీటి మోటారు పోయినప్పుడు, ఫిర్యాదు రాసుకున్న యువకుడికి ఆ గట్టు ఎక్కడుందో నేనే కాగితం మీద గీసి చూపవలసి వచ్చింది. అతన్ని తప్పుపట్టను, ఆ దారిన అతన్ని నడిపించినవారు లేరు. చిత్రంలో మిచెల్ అనే కొత్త కానిస్టేబుల్‌ను డిక్సన్ తన వెంట తిప్పి వీధులు, మనుషులను పరిచయం చేయడం చూస్తున్నప్పుడు నాకు ఆ యువకుడే గుర్తుకు వచ్చాడు.

జీపు పోలేని పుంతలు, గట్లు డెల్టాలో ఎన్నో ఉన్నాయి. వారానికి రెండు పూటలైనా బీట్ కానిస్టేబుల్ పగటివేళ వాటి వెంట నడిచేలా, కొత్తగా చేరినవారిని అనుభవజ్ఞుల వెంట పంపేలా, బీట్ పుస్తకంలో సంతకం కింద పేరు కూడా స్పష్టంగా రాసేలా ఉన్నతాధికారులు ఆదేశాలివ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక కొబ్బరి రైతు, కోనసీమ